రుచి చూసే మనిషి

ఆ ఏడు నేల గట్టిపడేంత మంచు మొదటిసారి పడి, కొండ కింది ఇళ్ళలో పందుల్ని కోసిన వారంలోనే నా కొడుకు బరువు పెరగడం ఆగిపోయింది. టోబీకి అప్పటికింకా మెడ నిలవలేదు. జిల్లా నర్సు మిసెస్ ప్రూయిట్ మా వంటింటి దూలానికి కాటా తగిలించి, గుడ్డ ఉయ్యాలలో వాణ్ణి పడుకోబెట్టింది. ముల్లు కాస్త ఊగి, పోయినసారి ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. ఆవిడ దాన్ని వేలితో తట్టి చూసింది. కదల్లేదు.

పాలు సరిపోతున్నాయా అని అడిగింది. సరిపోతున్నాయన్నాను. అప్పటికి నేనూ అలాగే అనుకుంటున్నాను మరి. డబ్బా పాలు పట్టించి చూడమంది. పుట్టినప్పటి నుంచి వాడికి డబ్బా పాలు పడవనీ, పట్టిన గుక్క పట్టినట్టే నా భుజం మీదికి కక్కేస్తాడనీ చెప్పాను. ఆవిడకీ తెలుసు ఆ సంగతి. ఊరికే తలాడించి, మళ్ళీ వారం వస్తానని కాటా సంచిలో పెట్టుకుంది.

మా కొండల్లో నా ఈడు వాళ్ళెవరూ పిల్లలకి తమ పాలు ఇచ్చేవాళ్ళు కాదు. మా అమ్మల కాలంలోనే ఆ అలవాటు పోయింది. డబ్బా, సీసా ఉన్నవాళ్ళకే శుభ్రం తెలుసని పేరు. నేనేమో బడి మధ్యలో మానేసి, కడుపుతో ఈ ఇంటికి వచ్చినదాన్ని. కుట్టు రాదు, బండి నడపడం రాదు, వంట సగం సగం. నా వల్ల అవుతుందని నలుగురికీ చూపించుకోవడానికి నాకున్నది ఆ పాలొక్కటే. చర్చి వంటగదిలోకి వెళ్తే నా జాకెట్టు ముందుభాగం ఎప్పుడూ తడిగా ఉండేది. "ఆవు వచ్చింది, బకెట్ పెట్టండమ్మా" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళు ఎగతాళికే అన్నా నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

నా భర్త హార్లన్ నది మీద బొగ్గు పడవల్ని తోసే ఓడలో పనిచేస్తాడు. ఎక్కితే నెల దాకా దిగడు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి కూడా రానని ముందే చెప్పాడు. ఇంట్లో నేను, టోబీ, మామయ్య డ్యూయీ, అత్తయ్య ఓపల్.

అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడ తిట్టే మనిషి కాదు. తిడితే బాగుండుననిపించేది. నేను తోమిన గిన్నెని నేను చూస్తుండగానే తీసి మళ్ళీ తోమేది, అంతే. అలాంటావిడ ఆ వేసవి నుంచి గరిటెలో కొంచెం పులుసో కూరో పట్టుకొచ్చి, "ఉప్పు చూడు" అనడం మొదలుపెట్టింది. నేను చెప్పినంత ఉప్పు నేను చెప్పినట్టే వేసేది. నాకు కాళ్ళు నేల మీద ఆనేవి కావు. పోనీలే, ఇన్నాళ్ళకి నన్ను మనిషిలా చూస్తోంది అనుకున్నాను.

*

మా చర్చి ఆడవాళ్ళు నవంబరంతా చేసేది ఒకటే పని, స్టఫింగ్. పండగ రోజు టర్కీ కోడి ఎవరింట్లో వాళ్ళు కాల్చుకుంటారు గానీ, పక్కన పెట్టే సాసేజ్ స్టఫింగ్ మాత్రం మా చర్చి నేలమాళిగలోని వంటగది నుంచే రావాలి. రెండు లోయల అవతలి వాళ్ళు కూడా ముందే చెప్పి ఉంచుకుంటారు. ఆ వచ్చిన డబ్బుతోనే చలికాలం చర్చికి బొగ్గు.

ఆ పని పద్ధతి మా అత్తయ్య వాళ్ళ అత్తగారి కంటే ముందు నుంచీ ఒకటే. రొట్టెలు ముందే కోసి, ముక్కలు బల్లల మీద పరిచి, గవ్వల్లా గలగలమనేదాకా ఎండబెడతారు. ఆ ఏడు కోసిన పందుల మాంసం కొవ్వుతో సహా రుబ్బి, ఉప్పు, మిరియాలు, ఎండుమిరప పలుకులు, అన్నిటికంటే ఎక్కువగా సేజ్ ఆకు కలుపుతారు. సేజ్ ఆకు బూడిద కలిసిన పచ్చ రంగులో, కుందేలు చెవిలా నూగుగా ఉంటుంది. ఎండబెట్టి అరచేతుల మధ్య నలిపితే చాలు, ఆ ఘాటు బట్టలకీ జుట్టుకీ పట్టేస్తుంది. ఆ మాంసం వేయించి, దాని కొవ్వులోనే ఉల్లిపాయ, సెలరీ కాడలు మగ్గించి, రొట్టె ముక్కల్లో పోసి, కోడి ఎముకల రసంతో తడిపి, గుడ్లు కొట్టి కలిపి, పళ్ళేలకి ఎత్తుతారు.

మాంసం కలిపిన ప్రతిసారీ చిన్న బిళ్ళ ఒకటి వేయించి రుచి చూడాలి. రొట్టెలో కలిపాక ఒక గరిటెడు విడిగా కాల్చి మళ్ళీ రుచి చూడాలి. చూసేది ఒక్క మనిషే. పొయ్యి పక్కన స్టూలు ఆ మనిషిది. ఆవిడ తలూపేదాకా ఒక్క పళ్ళెం కూడా పొయ్యిలోకి వెళ్ళదు. మా వాళ్ళలో ఒక మాట ఉంది, నెరిసిన తలే రుచి చూడాలి అని. ఆ స్టూలు మీద ఎప్పుడూ ముసలివాళ్ళే కూర్చున్నారు. అత్తయ్య తన నలభయ్యో ఏటి దాకా రొట్టె కోసిందట, ఆ తర్వాతే స్టూలు దక్కిందట.

ఆ ఏడు, పందుల్ని కోసిన మర్నాడే, పని మొదలైన రోజున అందరూ ఏప్రాన్లు కట్టుకుని నిలబడి ఉండగా అత్తయ్య స్టూలు నా వైపు జరిపింది.

"నెల్డా కూర్చుంటుంది. దానికి నాలుక ఉంది."

మామయ్య చెల్లెలు వెర్నీస్ అత్త చేతిలో కత్తి ఆగిపోయింది. అత్తయ్య తర్వాత ఆ స్టూలు తనదేనని ఆవిడ ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చుంది.

"దానికింకా పాలపళ్ళే ఊడలేదు వదినా. నెరిసిన తల అంటారే, దాని తలకి ఈకలైనా సరిగ్గా రాలేదు" అంది.

"నాలుక నెరవదుగా" అంది అత్తయ్య.

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. టోబీని ఆపిల్ పండ్ల పెట్టెలో దుప్పటి వేసి, వెచ్చగా ఉంటుందని పొయ్యికి ఇటువైపు పెట్టుకున్నాను. అత్తయ్య మొదటి బిళ్ళ పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. నమిలాను. ఉప్పు సరిపోయింది, సేజ్ కొంచెం పడాలన్నాను. అత్తయ్య ఇంకో గుప్పెడు నలిపి వేసింది. ఇంకోసారి చూశాను. తలూపాను. పెళ్ళి నాడు కూడా నన్నంతమంది అలా చూడలేదు.

అప్పట్నుంచి పొద్దున వెళ్తే సాయంత్రం దాకా అదే పని. బిళ్ళ తరవాత బిళ్ళ, గరిటె తరవాత గరిటె. మధ్యాహ్నం తినేది అడుగున మాడిన స్టఫింగ్. ఇంటికి తెచ్చుకునేది పళ్ళేల అంచుల్లో మిగిలిన స్టఫింగ్. ఇంట్లో మా వంటగది దూలాలకి కూడా సేజ్ కట్టలే వేలాడేవి. తుమ్మితే అదే వాసన.

*

తర్వాతి వారం నర్సు వచ్చినప్పుడు ముల్లు పోయినసారి కంటే కిందికి వచ్చింది.

అప్పటికే నాకు తెలుస్తూ ఉంది. రొమ్ములు బరువెక్కడం మానేశాయి. తెల్లారి లేచేసరికి పక్కగుడ్డ పొడిగా ఉండేది. టోబీ పట్టుకునేవాడు, లాగేవాడు, వదిలేసి నా మొహంలోకి చూసేవాడు. నేనేదో ఇస్తానని ఇవ్వనట్టు. మళ్ళీ పట్టుకునేవాడు. చివరికి ఏడ్చేవాడు. తరువాత్తరువాత ఏడవడం కూడా తగ్గించాడు. ఎంత మంచి పిల్లాడే అని చర్చిలో అందరూ వాణ్ణి మెచ్చుకుంటూ ఉంటే నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. ఆకలితో ఉన్న పిల్లాడు నిద్రపోతే అది నిద్ర కాదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నర్సు ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇలాగే ఉంటే నది అవతలి పట్నం ఆస్పత్రిలో ఉంచి, ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పింది. భయపడకు అని కూడా అంది. అదొక్కటే నాకు వినపడలేదు. బడి మానేసిన పిల్ల, మొగుడు ఊళ్ళో ఉండడు, డబ్బా పాలు ఇవ్వనంటుంది, అలాంటిదాని దగ్గర బిడ్డని ఎలా ఉంచుతాం అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటారని నాకనిపించింది. ఆవిడ ఆ మాట అననేలేదు. నాకే వినిపించింది.

"మీ అత్తగారికి తెలుసా?" అని అడిగింది.

"తెలుసు" అన్నాను.

తెలియదు. నర్సు వచ్చేసరికి అత్తయ్య చర్చికి వెళ్ళిపోయేలా, నేను వెనకాల బయల్దేరేలా చూసుకున్నాను. ఆదివారం హార్లన్ ఏదో రేవు నుంచి ఫోన్ చేస్తే, టోబీ దుక్కలా ఉన్నాడని చెప్పాను. "నా పోలికే" అని నవ్వాడు. ఫోన్ పెట్టేసి గోడకి తల ఆనించి నిలబడ్డాను.

ఎవరిని అడగను? మా అమ్మ లేదు. డబ్బా పాల వాళ్ళు డబ్బా పాలే చెప్తారు. ఓట్స్ జావ తాగాను. నీళ్ళు కడుపు పగిలేదాకా తాగాను. బాత్రూంలో తలుపు గడియ పెట్టి చేత్తో పిండి చూసుకున్నాను. చుక్క కోసం అరగంట పిండితే, వచ్చిన చుక్క నా వేలి మీదే ఇంకిపోయింది. తిండి తక్కువై పాలు తగ్గాయేమోనని, పొయ్యి దగ్గర బిళ్ళ సగం తిని వదిలేయడం మాని మొత్తం తినడం మొదలుపెట్టాను. వెర్నీస్ అత్త చూసి, "ఊరికి పెట్టేది ఉంటుందా, అంతా నీ పొట్టలోకేనా" అంది. సిగ్గనిపించినా వదల్లేదు. నా ఒంట్లోకి ఏది వెళ్ళినా వాడికే అనుకున్నాను.

ఆ స్టూలు దిగిపోవాలని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. నా చేతుల్లోంచి ఒకటొకటే జారిపోతూ ఉంటే మిగిలింది అదొక్కటే.

ఒకరోజు రొట్టె కోసే బల్ల దగ్గర ఎవరో, "ఇవాళ ఆవు పొడిగా ఉందే" అన్నారు. ఊరికే అన్న మాట. నేను కుళాయి దగ్గరికి వెళ్ళి, గ్లాసు కడుగుతున్నట్టు నిలబడి, రెండు దోసిళ్ళు నీళ్ళు ముందుభాగం మీద పోసుకున్నాను. అప్పట్నుంచి రోజూ అదే పని.

*

పండగ ముందు వారం. పళ్ళేలు ఎక్కువ వెళ్ళే రోజు. కిటికీ అద్దాల నిండా ఆవిరి. పొయ్యిలో ఒకేసారి ఆరు కాలుతున్నాయి. వెర్నీస్ అత్త బల్ల మీద రొట్టె ముక్కలు కొండలా పోసి ఉన్నాయి. నా పళ్ళెంలో అప్పుడే వేయించిన బిళ్ళ పొగలు కక్కుతోంది.

టోబీ మూలిగాడు. నా చేతికి కొవ్వు అంటి ఉందని అత్తయ్య వెళ్ళి వాణ్ణి పెట్టెలోంచి ఎత్తింది. ఎత్తి, ఒక క్షణం అలాగే పట్టుకుంది. ఆ మధ్య ఆవిడ వాణ్ణి ఎత్తలేదు. పనిలోనే మునిగి ఉంది. వాడి కాలు పైజమాలోంచి జారి వేలాడింది. దాన్ని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని చూసింది. వచ్చి వాణ్ణి నాకు అందించింది. అందిస్తున్నప్పుడు ఆవిడ చెయ్యి వెనకవైపు నా జాకెట్టు మీది తడికి తగిలింది. అక్కడే ఆగిపోయింది.

"చల్లగా ఉందేమే?"

నేను టోబీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"నీళ్ళా?"

తలూపాను. రుచి సరిపోయిందని ఊపినట్టే ఊపాను. బల్ల దగ్గర వాళ్ళకి అలాగే అనిపించి ఉంటుంది. ఒకావిడ పొయ్యి తలుపు కూడా తెరిచింది.

"పాలు ఎప్పట్నుంచి లేవు?" అత్తయ్య గొంతు తగ్గించి అడిగింది.

"ఇక్కడికి రావడం మొదలెట్టిన కాణ్ణుంచి, అత్తయ్యా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత నా ఒళ్ళోని పళ్ళెం వంక, ఆ తర్వాత మూకుడు పక్కన సగం నలిపిన సేజ్ కట్ట వంక చూసింది. కట్ట చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన వస్తుందేమోనని వెతుకుతున్నట్టు గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. దాన్ని కింద పెట్టేసి, నా పళ్ళెంలోని బిళ్ళ తీసి పొయ్యిలోని నిప్పుల్లో వేసేసింది.

"లే" అంది. "నువ్వింక రుచి చూడకూడదు."

చేతులన్నీ ఆగిపోయాయి. వెర్నీస్ అత్త తుడుచుకుంటూ వచ్చి, ఏమైందనీ, నువ్వే ఎక్కించి నువ్వే దింపుతున్నావేమనీ అడిగింది. దీనికి పాలు ఎండిపోతున్నాయని అత్తయ్య చెప్పింది. సేజ్ తింటే పాలు ఎండుతాయి, నాకు తెలుసు, తెలిసీ ఎక్కడో మర్చిపోయాను అంది. ఆ గదిలో పిల్లలకి పాలిచ్చిన ఆడది ఇంకొకత్తె లేదు. అందుకని మొదట ఎవరికీ అర్థం కాలేదు. వెర్నీస్ అత్త మాత్రం సేజ్ కట్ట వంక చూస్తూ మెల్లగా అంది.

"నెరిసిన తలే చూడాలని మా అమ్మ అందుకా అనేది."

అత్తయ్య చేతికి అంటిన సేజ్ పొడి దులుపుకుంది.

"పెద్దరికం కోసం అనుకున్నాం అందరం" అంది వెర్నీస్ అత్త. "సర్లే, నువ్వు కూచో మరి. పళ్ళేలు ఆగిపోయాయి."

"నేను కూచోలేను."

"ఎందుకని?"

అత్తయ్య ఏప్రాన్ ముడి విప్పుతోంది. అది బిగుసుకుపోయింది. విప్పుతూనే ఉంది.

"వసంతంలో జ్వరం వచ్చింది చూడు, అప్పుడు పోయింది. రుచీ లేదు, వాసనా లేదు. నాకు ఉప్పూ ఒకటే, రంపపు పొట్టూ ఒకటే. అందుకే దాన్ని కూచోబెట్టాను."

ఏళ్ళ తరబడి ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి, ఎవరి మొహం వంకా చూడకుండా ఆ మాట అంది. ఎవరో పొయ్యి తలుపు మూసేశారు. వెర్నీస్ అత్త వచ్చి ఏప్రాన్ ముడి తను విప్పి పెట్టింది. తర్వాత స్టూలు మీద కూర్చుంది, తనకి ఇష్టం లేనట్టు, సగమే ఆనుకుని.

*

ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రక్కులో నేను టోబీని కోటు లోపల పెట్టుకుని కూర్చున్నాను. నాలో ఉన్నది కోపమో, భయమో తెలియలేదు. ఉప్పు చూడు, ఉప్పు చూడు అని వేసవంతా గరిటె పట్టుకొచ్చింది నా నాలుక గొప్పదని కాదన్నమాట. అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే వెర్నీస్ అత్త కూర్చునేది. నా కొడుకు కాళ్ళు ఇలా అయ్యేవి కావు. ఇదంతా నోటిదాకా వచ్చి ఆగింది.

అత్తయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది.

"తిట్టాలనుంటే తిట్టు. ఇంటికెళ్ళాక వాడి ముందు మాత్రం వద్దు."

తిట్టలేకపోయాను. అలాగని నా కోపమేమీ పోలేదు. వంతెన దాటాక ఆవిడ మళ్ళీ మాట్లాడింది.

"హార్లన్‌కి ముందు నాకో పిల్ల. పుట్టి బతకలేదు. అది పోయిందని పాలకి తెలీదు కదా, వస్తూనే ఉన్నాయి. మా అమ్మ సేజ్ ఆకు కాచి తాగించింది. రెండు పూటల్లో ఎండిపోయాయి." గేరు మార్చింది. "అది మళ్ళీ తల్చుకోకూడదని అనుకున్నాను. నిజంగానే మర్చిపోయాను."

హార్లన్ తనే పెద్దవాణ్ణని అందరికీ చెప్పుకుంటాడు. ఆ సంగతి అతనికి తెలుసా అని నేను అడగలేదు.

ఇంటికి రాగానే ఆవిడ కుర్చీ ఎక్కి, దూలాలకి వేలాడుతున్న సేజ్ కట్టలన్నీ తెంపి, వెనక పెరట్లోకి విసిరేసింది. తర్వాత చేతులు కడుక్కుని, నేను వద్దు వద్దంటున్నా వినకుండా నర్సుకి ఫోన్ చేసింది. నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నాను. "అంతా నా వల్లే జరిగింది, పిల్లది అమాయకురాలు" అని అత్తయ్య ఫోనులో అంటూంటే, మెచ్చుకుంటోందో తిడుతోందో తెలియలేదు.

మిసెస్ ప్రూయిట్ ఆ సాయంత్రమే వచ్చింది. బిడ్డని తీసుకెళ్ళలేదు. వాడు వదిలినా నువ్వు వదలకు, రొమ్ముకి పట్టిస్తూనే ఉండు, లాగేకొద్దీ వస్తాయి అంది. సోయా గింజలతో చేసిన వేరే రకం డబ్బా ఇచ్చి, మధ్యలో చెంచాతో పట్టమంది. సేజ్ వల్లేనా అని నేను అడిగితే, అవునో కాదో తాను ప్రమాణం చేసి చెప్పలేననీ, పెద్దవాళ్ళు అలాగే అంటారనీ, మానేస్తే నష్టం లేదనీ అంది. పండగ వెళ్ళిన మర్నాడు తూస్తానంది. అప్పటికీ ముల్లు పైకి రాకపోతే ఇంక మాటల్లేవు, పట్నమే.

ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలీదు. వాణ్ణి రొమ్ముకి పట్టించడం, వాడు లాగి వదిలేయడం, అత్తయ్య చెంచాతో సోయా పాలు పొయ్యడం, అందులో సగం గడ్డం కిందికి కారిపోవడం. కొంత కక్కేవాడు, కొంత నిలిచేది. ఆ చెంచా నా చేతిలో కంటే ఆవిడ చేతిలోనే వాడికి బాగుండేది. నేను నోరు మూసుకుని వాడి తల పట్టుకునేదాన్ని. నేను తింటుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని చూసేది. ఓట్స్, బార్లీ, గుడ్లు, పాలు. చాలంటే ఇంకో గరిటె వేసేది. నేను తోమిన గిన్నెలు మళ్ళీ తోమడం మాత్రం మానలేదు.

*

పండగ నాడు వెర్నీస్ అత్త స్టఫింగ్ పళ్ళెం తెచ్చింది. తను రుచి చూసిన మొదటి ఏడు కదా, బల్ల మీద పెట్టి అందరి మొహాలూ చూసింది. ఉప్పు కాస్త ఎక్కువయింది. ఎవరూ అనలేదు. మామయ్య మాత్రం రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు.

అత్తయ్య పొయ్యిలోంచి ఇంకో చిన్న పళ్ళెం తీసింది. అది నా కోసం ఆవిడ విడిగా చేసింది. అదే రొట్టె, అదే మాంసం, ఉల్లిపాయ, సెలరీ. సేజ్ లేదు. మామయ్య ఫోర్కుతో ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుని, "ఇదేంటే, కోళ్ళకి వేసేదా?" అన్నాడు.

"పాలిచ్చే పిల్లకి వేసేది" అంది అత్తయ్య.

నిజానికి అందులో ఏ రుచీ లేదు. ఇంట్లోవాళ్ళంతా ఎటో వెళ్ళిపోయిన ఇల్లులా ఉంది. నేను తలొంచుకుని తింటున్నాను. అత్తయ్య పెద్ద పళ్ళెం దాటేసి, నా పళ్ళెంలోంచే తన కంచంలో వేసుకుంది. వెర్నీస్ అత్త మొహం చిన్నబోయింది.

"నాకు రెండూ ఒకటేనే వెర్నీస్. నీది వృథా చెయ్యడమెందుకు" అంది అత్తయ్య.

భోజనాలయ్యాక మామయ్య తన కుర్చీలో చేరి టీవీ పెట్టాడు. థాంక్స్‌గివింగ్ నాడు ఫుట్‌బాల్ ఆట ఆ ఇంట్లో ప్రార్థన కంటే ఎక్కువ. కంచంలో మిగిలిన టర్కీ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని, ఫోర్కు ఊపుతూ ఆటగాళ్ళకి సలహాలు చెప్తున్నాడు. టోబీ లేచాడు. వాణ్ణి తీసుకుని పక్క గదిలో మంచం మీద కూర్చున్నాను. మర్నాడు పొద్దున నర్సు వస్తుంది. కాటా నా కళ్ళ ముందు అప్పుడే ఊగుతోంది.

వాడు పట్టుకున్నాడు. లాగుతున్నాడు. దవడ కదులుతోంది. ఈమధ్య అంతా ఇంతే, దవడ కదులుతుంది, లోపలికి వెళ్ళేదేమీ ఉండదు. అత్తయ్య చెంచా, గిన్నె పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. టీవీలో జనం అరుపులు. ఆవిడ కాసేపు వాడి మెడ వంక చూసి, వెనక్కి తిరిగి, హాల్లోకి వెళ్ళి టీవీ ఆపేసింది.

"ఏయ్, ఓపల్, అక్కడ బంతి..." అన్నాడు మామయ్య.

"నోరు ముయ్యి. పిల్లాడు మింగుతున్నాడో లేదో వినాలి."

ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. వంటింట్లో వెర్నీస్ అత్త కూడా కుళాయి కట్టేసింది. నేను ఊపిరి బిగబట్టాను. వాడు లాగుతున్నాడు. ఏమీ లేదు. అత్తయ్య వచ్చి మళ్ళీ తలుపు దగ్గర నిలబడింది. చెంచా గిన్నెకి తగలకుండా విడిగా పట్టుకుంది. ఏమీ లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. దేవుడికి చెప్పుకోవడానికి కూడా ఏ మాటా దొరకలేదు.

అప్పుడు వాడి గొంతులో చిన్న చప్పుడైంది. గుటక.

నేను కళ్ళు తెరిచాను. అత్తయ్య కూడా విందో లేదో తెలియలేదు. ఆవిడ వేలు మాత్రం పైకెత్తి ఉంది. చాలాసేపు మళ్ళీ ఏమీ లేదు. రాలేదనుకున్నాను, అదొక్కటేనేమో అనుకున్నాను. వాడి చెవి పక్కన చిన్న నరం కొట్టుకుంటోంది. ఇంకో గుటక. కాస్త ఆగి ఇంకోటి.

హాల్లో నుంచి మామయ్య మెల్లగా, "వినపడిందా?" అని అడిగాడు.

అత్తయ్య తలుపు చట్రానికి భుజం ఆనించి, ఇంకా వింటూనే ఉంది. తలుపు సందులోంచి నాకు మామయ్య కుర్చీ కనిపిస్తోంది. ఆయన చేతిలోని ఫోర్కు కంచంలో పెట్టబోయి, చప్పుడవుతుందని ఒళ్ళో పెట్టుకున్నాడు.